ఇల్లందులో గవ్వ గులాబీ

ఉద్యోగ జ్ఞాపకాలు రాయవలసింది పదవీ విరమణ చేసినవారు. నేను కేవలం రాజీనామా చేసినదాన్ని. ఈ లోపాన్ని మీరు ఎత్తిచూపకముందే నేనే చెప్పేస్తున్నాను. ప్రత్యర్థి చేతికి అస్త్రం మిగల్చకూడదన్నది మన కాలేజీ డిబేట్ బృందంలో అందరూ నేర్చుకునే మొదటి పాఠం కదా. ఆ బృందంలో ఇప్పుడున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ మొన్న నన్నొక ప్రశ్న అడిగారు: "అక్కా, డిబేట్ చేసినందుకు ఉద్యోగంలో ఏమైనా పనికొచ్చిందా?" సూటి ప్రశ్న. సూటిగా జవాబు చెప్పే విద్య నాకు ఏనాడూ పట్టుబడలేదు కనుక, ఒక గిటారు సంగతి చెబుతాను.

నా మొదటి ఉద్యోగం ఖమ్మంలో, మెకానిక్ షెడ్ల వీధి చివర ఉన్న ఒక రేకుల షెడ్డులో. దాని యజమానిని అందరం సార్ అనే పిలిచేవాళ్లం. ఆయన వయసులో ఉండగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవారు. నాలుగే నాలుగు లావు తీగలుండే ఆ వాద్యం పాట వినేవాడి చెవికి ఆనదు, గుండెకు తగులుతుంది. అది ఆగిపోతే మాత్రం పందిట్లో ఎవరో కుర్చీ లాగేసినట్టు ఉంటుంది. తరువాతి కాలంలో సార్ మైకులూ స్పీకర్లూ కిరాయికి ఇచ్చే వ్యాపారం పెట్టి నిలదొక్కుకున్నారు. ఆ వ్యాపారం తిండి పెట్టేది. పాత ఎలక్ట్రిక్ బేస్ గిటార్లు సేకరించి బాగుచేయడం నిద్ర చెడగొట్టేది. అందులోనూ ఆయనకు కావలసింది అరుదైన రంగులు. ఒకప్పుడు విదేశాల్లో గిటార్లకు కార్ల రంగులే వేసేవారట. ఎవరో ప్రత్యేకంగా అడిగితే తప్ప కొన్ని రంగులు వేసేవారు కారట. అలా పుట్టి, ఎక్కడెక్కడికో చెదిరిపోయి, చివరికి మన జిల్లా అటకల మీదికి చేరినవాటిని వెతకడం సార్ జీవితధ్యేయం.

నన్ను ఎందుకు తీసుకున్నారో ఇంటర్వ్యూలోనే తేలిపోయింది.

"నువ్వు బాగ మాట్లాడ్తవని విన్న. ఏ దిక్కు మాట్లాడ్తవ్?"

"ఏ పక్షం ఇస్తే ఆ పక్షం, సార్."

"అవ్, గట్లాంటోళ్లే కావాలె. పాత గిటార్లు ఉన్నోళ్ల ఇండ్లకు పోవాలె, మాట్లాడాలె, ఇప్పియ్యాలె."

"తప్పకుండా. కాని నాదొక నియమం. అవతలివారు అడగకపోయినా, ఆ వస్తువు ఎంత అరుదైనదో వారికి ముందే చెబుతాను."

సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "చెప్పినంక వాళ్లెందుకిస్తరు?"

"తెలిసి కూడా ఇస్తేనే అది ఇవ్వడం, సార్."

ఆయన నిస్సహాయంగా పక్కకు చూశారు. పక్కన మా షెడ్డు రంగుల నిపుణుడు భాయ్, లారీలకు, కార్లకు రంగులు వేసి వేసి గిటార్లకు మళ్లిన మనిషి, ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి అన్నాడు: "పెట్టుకోండి సార్. షెడ్ల నవ్వుడు తక్కువైంది."

అలా నవ్వు కోటాలో నాకు ఉద్యోగం దొరికింది.

నా నియమం ఫలితాలు మీరు ఊహించగలరు. నా ఉపన్యాసం విన్నవారిలో చాలామంది, అంతదాకా పాత చెప్పుల పక్కన పడి ఉన్న గిటారును తుడిచి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. దమ్మపేట దగ్గర ఒక రైతు మాత్రం ఇస్తానన్నాడు. అయితే గిటారు పెట్టెలో కోడి పొదుగుతోంది, పిల్లలు లేచేదాకా ఆగమన్నాడు. సార్ ఆగారు. రోజూ ఫోన్ చేసి కోడి క్షేమం కనుక్కునేవారు. ఆ ఓపిక చూశాక ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మనిషి ఆశపోతే, కాని దౌర్జన్యం లేని ఆశపోతు.

ఇక అసలు సంగతికి వస్తాను.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఇల్లందు బస్సు దిగి ఒక ఆవిడ మా షెడ్డుకు వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. బొగ్గు గని క్యాంటీన్‌లో వంట పని. చంకలో చంటిబిడ్డను మోసినట్టు దుప్పట్లో చుట్టిన బేస్ గిటార్.

"వందనాలు సార్. ఇది మా మందిరంలది. మోగుత లేదు. క్రిస్మస్‌కు మోగాలె."

దుప్పటి విప్పగానే సార్ ముఖం చిన్నబోయింది. అది గిటారులా లేదు, కిటికీ తలుపులా ఉంది. మందపాటి ఎనామెల్ రంగు, దాని మీద మరొకటి, దాని మీద ఇంకొకటి. అంచుల్లో పెచ్చులూడిన చోట వరసగా పొరలు: గోధుమ, నీలం, గోధుమ, ఆకుపచ్చ, మళ్లీ గోధుమ, ఆ కింద ఇంకా ఎన్నో.

"ఇన్ని రంగులేంది ఆంటీ?" అన్నాను.

ఆవిడ స్టూలు లాక్కొని కూర్చుంది. వాళ్ల సంఘంలో ఒక ఆచారం ఉందట. ఏటా క్రిస్మస్‌కు ముందు ప్రార్థన మందిరం తలుపులకు, కిటికీలకు, బెంచీలకు రంగు వేస్తారు. ఏ రంగు అన్నది ఆ ఏడు వంతు వచ్చిన కుటుంబం చెప్పాలి. అన్నీ అయ్యాక మిగిలిన రంగు గిటారుకు. ఎప్పుడో ఒక మిషనరీ దొర వదిలిపెట్టి వెళ్లిన నాటినుంచీ అంతే. గిటారు మీద కుంచె పట్టేది వంతు ఉన్నవారే. దానికి రంగు పడితేనే వంతు తీరినట్టు.

"ఈసారి నా వంతు బిడ్డా," అందావిడ. "పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన పోయి సంఘ పెద్దను అడిగిండు, ఏ రంగేద్దామని. ఆయన బ్రౌన్ అన్నడు. ఎవరడిగినా బ్రౌనే అంటడు, దుమ్ము కనబడదంట. ఇల్లందుల దుమ్ము కనబడకపోతే ఇంకేం కనబడ్తది? తర్వాత మా ఆయన కాలం చేసిండు. మళ్ల వంతు రానీకి గిన్నేండ్లు పట్టింది. ఈసారి నేనెవ్వల్నీ అడగ."

"అయితే ఏ రంగు?"

ఆవిడ అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పింది. "పసుపు. మామిడిపండు పసుపు. ఎవ్వలికి చెప్పకు."

నేను మాట ఇచ్చాను. ఆ గిటారును అన్నేళ్లుగా వాయిస్తున్నది ఆవిడేనని కూడా అప్పుడే తెలిసింది. ఎవరు నేర్పారని సార్ అడిగితే, "ఎవలు నేర్పుతరు సార్? కుడి కాలు ఎటు కొట్టుకుంటె వేలు గటు పోతది," అని చెప్పి, గిటారును మా దగ్గర వదిలి ఆవిడ నాలుగింటి బస్సుకు వెళ్లిపోయింది.

మరునాడు సార్ మరమ్మతుకు కూర్చున్నారు. బేస్ గిటార్ ముందు భాగాన, గోళ్ల గీతలు పడకుండా ఒక పలక బిగించి ఉంటుంది. శబ్దాన్ని మోసే వైర్లూ, గుండీల అడుగు భాగాలూ దాని కింద. ఇల్లందు వాళ్లు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పలక విప్పలేదు; పలకతో సహా రంగు వేసేశారు. భాయ్ బ్లేడుతో స్క్రూల మీది రంగు గీకాడు. సార్ ఒక్కొక్కటీ తిప్పి పలక ఎత్తారు.

పలక ఎంత మేర ఉందో అంత మేర, ఎండా చెమటా తగలని ఒక లేత గులాబీ రంగు. గవ్వను తిరగేస్తే లోపల కనిపిస్తుందే, ఆ రంగు. సార్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకొని, మళ్లీ తుడుచుకొని, చివరికి ముట్టుకోకుండానే కూర్చున్నారు.

"గవ్వ గులాబీ," అన్నారు. "పుస్తకాలల్ల చూసిన. బొమ్మలల్ల చూసిన. నా సొంత కండ్లతోని చూస్తననుకోలె."

భాయ్ వంగి చూసి, "మంచిగుంది సార్. ఐస్‌క్రీం బండి లెక్క," అన్నాడు. సార్ ఆ పూట అతనితో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మా షెడ్డులో వాదం మొదలైంది. పైపొరలన్నీ కరిగించి అసలు రంగును బయటపెట్టాలని సార్ పట్టుదల. అసలు అంటే ఏమిటని నా ప్రశ్న. కర్మాగారంలో కొద్ది రోజులున్న రంగు అసలా, ఇల్లందులో తరాలున్న రంగులు అసలా? సార్ పుట్టుక ప్రధానమన్నారు. నేను పెంపకం సంగతేమిటన్నాను. భాయ్ మధ్యలో దూరి, "లారీకి అసలు రంగుంటదా మేడం? ఓనర్ మారితె రంగు మారుతది, లారీ గదే," అన్నాడు. ఇద్దరమూ అతన్ని ఎవరి పక్షానికి వాళ్లమే లెక్కవేసుకున్నాం.

నేను వాదిస్తూ ఉన్నాను. సార్ పని కానిచ్చేశారు. డిబేట్ చేసేవారికి ఇది వృత్తిరీత్యా వచ్చే జబ్బు: మనం రెండో అంశంలో ఉండగానే అవతలివారు ఫోన్ తీస్తారు. ఆయన నేరుగా మందిరం పాస్టరు అయ్యగారికి ఫోన్ చేశారు. ఈ పాతది మాకివ్వండి, బదులుగా మంచి కండిషన్లో ఉన్న కొత్త బేస్ గిటార్ ఇస్తాం అన్నారు. అయ్యగారు సంఘ పెద్దను అడిగారు. పెద్దాయన సంతోషంగా సరేనన్నాడట. కొత్తదానికి రంగు కూడా వేయనక్కరలేదు, నల్లగా నిగనిగలాడుతోంది; దుమ్ము కనబడదు.

రెండు రోజులకు నా ఫోన్ మోగింది. ఇల్లందు ఆంటీ.

"ఏం బిడ్డా, నా గిటారు మీరే ఉంచుకుంటున్నరంట గద? కొత్తదానికి రంగేస్తె కరాబయితదంట. మరి నా వంతెట్ల తీరాలె?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు జవాబు దొరికేది. ఇన్నేళ్లు ఆగి, అడగకుండా తన ఇష్టానికి తాను ఒక రంగు ఎంచుకుందామనుకున్న మనిషి, ఎవరినో మళ్లీ అడగవలసి వచ్చినట్టు ఉంది ఆ గొంతు.

సార్ దగ్గరికి వెళ్లి నా నియమం గుర్తు చేశాను. గిటారు సంఘానిది, కనుక సంఘమంతటి ముందూ, పలక విప్పి, ఆ రంగేమిటో చూపించి, దాని విలువేమిటో చెప్పి, అప్పుడు అడగాలి. సార్ సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, "కోడికి ఆగిన, దీనికాగనా?" అన్నారు. కాని ఒక మెలిక పెట్టారు: మా తరఫున నేనే మాట్లాడాలి, గెలిచేటట్టు మాట్లాడాలి.

ఆదివారం ముగ్గురం ఇల్లందు వెళ్లాం. ఆరాధన అయిపోయాక ఎవరూ ఇళ్లకు పోలేదు. గిటారు వచ్చిందని తెలిసి గనుల నుంచి డ్యూటీ దిగినవాళ్లు కూడా అదే బట్టలతో వచ్చి వెనక నిలబడ్డారు. బల్ల మీద గిటారు, పక్కన పలక, స్టాండుకు కొత్త గిటారు. అందరూ వరసగా వచ్చి గులాబీ రంగు చూసి వెళ్లారు. చిన్నపిల్లలు రెండోసారి కూడా వచ్చారు. సంఘ పెద్ద వంగి చూసి, "ఇదా? ఈ రంగు కోసమా?" అని సార్‌ను జాలిగా చూశాడు.

నేను లేచి, "గౌరవనీయులైన సభాధ్యక్షులకు," అని మొదలుపెట్టాను. ఆ పిలుపు విని అయ్యగారు, తనకెవరో తలపాగా చుట్టినట్టు, నిటారుగా కూర్చున్నారు. అరుదైనదాన్ని కాపాడటం ఎందుకు ధర్మమో చెప్పాను. చేతికి చెమట పట్టే చోట, బొగ్గు పొడి రాలే చోట అది ఎందుకు ఉండకూడదో చెప్పాను. ఇది అంగట్లో దొరికే వస్తువు కాదనీ, ఇస్తే మా సార్‌కే లాభమనీ, ఆయన దానికి ఎంత ఆశపడుతున్నారో అదీ చెప్పాను. వెనక బెంచీలో సార్ తల ఊపుతున్నారు. అంతా సవ్యంగా సాగుతోంది. అక్కడ ఆగిపోయి ఉంటే నేను ఆ ఉద్యోగానికి తగినదాన్నే.

కాని అలవాటు బలవత్తరమైనది. గుక్క తిప్పుకొని, "ఇక దీనికి ఎదురు వాదన," అన్నాను. ఈ రంగు ఇన్నేళ్లు చెక్కుచెదరకపోవడానికి కారణం మీరు విప్పని పలకా, మీరు వేసిన పొరలే కదా అన్నాను. ఒక మనిషి వంతును మరొకరి ముచ్చట కోసం రద్దు చేసే హక్కు ఎవరికుందన్నాను. సార్ తల ఊపడం ఆపి, దాన్ని రెండు చేతుల్లో పెట్టుకున్నారు.

"అమ్మా," అన్నాడు సంఘ పెద్ద మర్యాదగా, "నువ్వు ఏ దిక్కు?"

మందిరమంతా నవ్వింది. భాయ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే ఆంటీ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. గిటారు మీదికి వంగి, సార్ ఆ రోజు ముట్టుకోలేకపోయిన చోట వేలు పెట్టి నెమ్మదిగా రాసింది.

"ఈ రంగు ఇంకెక్కడన్న ఉంటదా సార్?"

"ఉండదమ్మా," అన్నారు సార్ లేచి నిలబడి. "ఎక్కడో ఒకటి అరా. మన దిక్కయితే ఎక్కడా లేదు."

"గింత మంచి రంగు ఎక్కడా లేకపోవుడేంది? పాపం గదా." ఆవిడ అయ్యగారి వైపు తిరిగింది. "వంతు నాదే గదా అయ్యగారూ?"

"నీదేనమ్మా."

"అయితే ఈ ఏడు మందిరానికి ఇదే రంగు. తలుపులకు, కిటికీలకు, బెంచీలకు. మిగిలింది గిటారుకు."

సంఘ పెద్ద కూర్చున్నచోటి నుంచే, "గులాబియా? బొగ్గు ఊర్లె? వారానికి బూడిద రంగైతది!" అన్నాడు.

"తుడుస్త," అంది ఆంటీ. "మీ కుర్చీ మాత్రం బ్రౌనే ఉంచుకోండి తాతా, నేనేం అననులే."

ఆ పెద్దాయన తన కుర్చీ చేతిని ఒకసారి తడిమి చూసుకొని సరేనన్నాడు. అంతకుమించిన ఓటింగు జరగలేదు.

బయటికి వచ్చాక ఆవిడను పక్కకు పిలిచి అడిగాను. నా మనసు నన్ను వదలలేదు. "మీరు పసుపు అనుకున్నరు కదా ఆంటీ. మా మాటల వల్ల మార్చుకున్నరా?"

"నీ మాటలా? నువ్వు రెండు దిక్కులు లాగినవ్, ఏ మాటకు మారాలె?" అంది నవ్వుతూ. "పసుపు షాపుల దొరుకుతది బిడ్డా, రేపు ఎవలన్న ఏస్తరు. ఇది నేనడగకపోతె ఎవలేస్తరు?"

తరువాతి వారమంతా మా షెడ్డులో జరిగినది పూర్తిగా వర్ణించలేను. రంగు కలిపి ఇచ్చే బాధ్యత మాదే అయింది. అది సార్ స్వయంగా అన్న మాట, ఎందుకన్నారో ఆయనకే తెలియాలి. భాయ్ తెలుపులో ఎరుపు చుక్కలు, చిటికెడు పసుపు కలిపి, చెక్క ముక్క మీద రాసి ఎండలోకి తెచ్చేవాడు. సార్ కళ్లు చికిలించి చూసి వద్దనేవారు. ఒకటి బబుల్‌గమ్ అయింది. ఒకటి రోజా షర్బత్ అయింది. చివరికొకటి కుదిరింది. ఆ రోజు భాయ్ పెద్ద కర్రతో బకెట్ కలుపుతూ, "సార్, ఎక్కడా లేదన్నరు గద ఈ రంగు? ఇగ జూడుర్రి, ఇంకో బకెట్ కావాల్నా?" అన్నాడు. సార్ ఈసారి నవ్వారు. కొంచెం ఏడుపు కలిసిన నవ్వు, కాని నిష్పత్తి సరిగానే ఉంది.

రంగు వేసే రోజున మేమూ వెళ్లాం. చేతులు తుడుచుకోకుండా గిటారును ముట్టని సార్, ప్యాంటు మడుచుకొని బెంచీలకు గులాబీ రంగు కొట్టారు. చివర గిటారు వంతు వచ్చింది. స్ప్రే గన్‌తో సన్నగా వేసి ఇస్తానని సార్ అడిగిచూశారు. "కుంచెనే సార్, చేతితోనే," అంది ఆంటీ. అప్పుడాయన తాను అతికించిన వైర్లను ఒకసారి సరిచూసి, పలక తీసుకొని, కిందనున్న ఆ పాత గులాబీని చివరిసారి చూసుకొని, ఒక్కొక్క స్క్రూ బిగించారు. ఎవరూ తొందర చేయలేదు. బిగించాక గిటారును ఆవిడ ఒడిలో పెట్టి పక్కకు తప్పుకున్నారు.

ఆవిడ కుంచె ముంచింది. గోధుమ మీద, ఆ కింది నీలం మీద, భర్త అడిగి వేసిన ఆ గోధుమ మీద కూడా గులాబీ పరుచుకుంది. కుంచె చారలు చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. "కొంచెం ముదురైనట్టుంది," అని గొణిగారు సార్. "ఒక ఏడు బొగ్గు దుమ్ము పడనియ్యండి సార్, కలుస్తది," అన్నాడు భాయ్.

ఆ క్రిస్మస్‌కు అది మోగింది. నేను విన్నాను. పాటలో వినిపించలేదు, కూర్చున్న బెంచీలో తెలిసింది.

మరుసటి ఏడాది న్యాయశాస్త్రం చదవడానికి రాజీనామా ఇచ్చాను. సార్ కాగితం చదివి, "మంచిది. కోర్టుల ఒక్క దిక్కే మాట్లాడాలె, యాది పెట్టుకో," అన్నారు. ప్రయత్నిస్తున్నాను.

ఇక మీ ప్రశ్న. డిబేట్ పనికొచ్చిందా? అందరి ముందూ అన్నీ చెప్పి అడగమనడం వరకు పనికొచ్చింది. ఆ తరువాత నోరు మూసుకొని ఉండటం ఇల్లందులో నేర్చుకున్నాను. మన బృందం పాఠాల్లో అది లేదు, వీలైతే చేర్చండి.

సార్‌కు తెలిసిన, పాత గిటార్లు సేకరించేవారు ఇప్పటికీ ఆ గిటారు గురించి అడుగుతుంటారు. వెళ్లి చూడండి, ఆదివారం అయితేనే ఉంటుంది అని ఆయన పంపిస్తారు. ఆ గులాబీ మీద మరో ఏటి రంగు పడకముందే ఒకసారి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ప్రసంగమంతా ఓపికగా విని, చివరిదాకా ఆగి, ఒక్కసారి ఆ పలక విప్పి అసలు రంగు చూపించమని ఆంటీని బతిమాలాడు. నేను పక్కనే ఉన్నాను.

"విప్పుడెందుకు సార్?" అందావిడ. "గదే రంగు. అగో, తలుపు మీద జూడుర్రి. కొంచెం దుమ్ము తుడిసి జూడాలె."

ఆయన తలుపు దాకా వెళ్లి జేబురుమాలు తీశాడు.